తెలుగున వాడుకరి మార్గదర్శినులు - అధికారి నిర్ణయము

శాస్త్రగ్రంథమును చేతికి తీసికొనినంతనే మన పూర్వులు నాలుగు ప్రశ్నలు వేసెడివారు. దీని విషయమేమి? ప్రయోజనమేమి? ఆ రెంటికిని గ్రంథముతో సంబంధమెట్టిది? దీనిని చదువుటకు అధికారి యెవడు? అనుబంధచతుష్టయమని పేరుగల యీ పరీక్షకు నిలువని గ్రంథము ప్రవృత్తికి అర్హము కాదని వారి మతము. కావ్యవిమర్శ ప్రబలిన పిమ్మట ఈ ప్రశ్నలు మన వ్యాసములలో అరుదైనవి. కాని నేడు తెలుగున వ్రాయబడుచున్న శాస్త్రవచనములో ఒక శాఖకు ఇంతకంటె తగిన ఒరపిడిరాయి లేదని మేము తలంచుచున్నాము. ఆ శాఖ వాడుకరి మార్గదర్శిని, అనగా యూజర్ మాన్యువల్. అందును స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుగా వెలువడు ఫోను ఉపకరణములకు వ్రాయబడు మార్గదర్శినులను మాత్రమే ఈ వ్యాసమున పరిశీలింతుము.

ఈ పరిమితికి కారణము కలదు. 1983 లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రయత్నమును ప్రకటించిన నాటినుండి, సాఫ్ట్‌వేరు మూలపాఠమును ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును అను సిద్ధాంతము వ్యాపించినది. సాఫ్ట్‌వేరు మారిన కొలది దాని మార్గదర్శినియు మారవలెను గనుక, ఆ స్వేచ్ఛ పుస్తకమునకును ఉండవలెనని వారు వాదించి, 2000 లో దానికై ప్రత్యేకమైన అనుమతిపత్రమును వెలువరించిరి. 2008 లో ఆండ్రాయిడ్ మూలపాఠము బయటికి వచ్చెను. 2010 లో ఎఫ్-డ్రాయిడ్ అను స్వేచ్ఛా ఉపకరణముల భాండారము ఏర్పడెను. మన లిపులను ఫోనులో వ్రాయుటకు ఇండిక్ కీబోర్డు వంటి ఉపకరణములు ఈ మార్గముననే వచ్చినవి. వీనికి అంగడి లేదు, అమ్మువాడు లేడు, ఫోను చేసి అడుగుటకు సేవాకేంద్రమును లేదు. గురుస్థానమున ఉన్నది మార్గదర్శిని యొక్కటే. అది లోపభూయిష్ఠమైనచో ఉపకరణము ఎంత గొప్పదైనను వాడుకరికి లేనట్టిదే. మఱి దీనిని దిద్దుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు గనుక, ఇచట విమర్శ వృథాపోదు.

బాలుడెవడు?

ఈ మార్గదర్శినులు తాము ప్రారంభకులకొఱకని చెప్పికొనును. ప్రారంభకుడనగా నెవడో ఆ కర్తలు ఆలోచించినట్లు కనబడదు. కొందఱు వానిని తమవంటివాడనుకొని, నడుమ మెట్లను విడిచిపెట్టుదురు. కొందఱు వానిని పసివానిగ భావించి, ఫోను అనగా మాటలాడు యంత్రమని మొదలిడుదురు. రెండును దోషములే.

పదునేడవ శతాబ్దివాడు, ఆంధ్రుడని ప్రసిద్ధుడునైన అన్నంభట్టు తర్కసంగ్రహమును బాలుర సుఖబోధకై రచించెను. ఇచట బాలశబ్దమునకు వ్యాఖ్యాతలు చెప్పిన యర్థము స్మరణీయము. బాలుడనగా చనుబాలు త్రాగు శిశువు కాడు. గ్రహించుటకును, గ్రహించినదానిని నిలుపుకొనుటకును సమర్థుడై, ఇతరవిద్యలు ఎఱిగి, ఈ శాస్త్రము మాత్రము ఎఱుగనివాడు. 1858 లో బాలవ్యాకరణమును వెలువరించిన చిన్నయసూరియు ఆ పేరును పసిబిడ్డలను ఉద్దేశించి పెట్టలేదని ఆ గ్రంథమును బోధించు మనకందఱకును తెలియును.

ఈ లక్షణమును నేటి పాఠకునకు అన్వయించి చూతము. సంస్కృతవిద్యకు పేరుగన్న అమృతలూరునే తీసికొందము. కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఆ మండలమున ఒక రైతుగృహిణి కలదనుకొందము. వరికోతల పిమ్మట చేనిలోని తేమను చూచి మినుము చల్లవలెనో మొక్కజొన్న వేయవలెనో ఆమె చెప్పగలదు. కౌలు లెక్కయు వడ్డీ లెక్కయు నోటితో వేయగలదు. దినపత్రిక చదువగలదు. మనుమనికి తెలుగులో సందేశము పంపవలెనని ఆమె కోరిక. ఈమె అజ్ఞురాలు కాదు, అక్షరాల బాల. దిగిన ఫైలు ఫోనులో ఎచట చేరునో తెలియదు, అంతియే. ఈమెకు ఫోను మహిమను వర్ణించుట అనవసరము. ఆ ఫైలు ఉన్న చోటు చెప్పకుండుట అపరాధము. మార్గదర్శినీకర్త ఎదుట ఉంచుకొనవలసిన అధికారి ఈమెయే.

విధియు అర్థవాదమును

మీమాంసకులు శాస్త్రవాక్యములను విభజించునపుడు, చేయుమనునది విధి యనియు, వలదనునది నిషేధమనియు, స్తుతించునది అర్థవాదమనియు చెప్పిరి. అర్థవాదము విధితో ఏకవాక్యత పొందినప్పుడే సార్థకము. మార్గదర్శినులలో తఱచుగ కనబడు వైపరీత్యమేమనగా, మొదటి పుట యంతయు అర్థవాదము, విధులు చివర ముక్కలుగా నుండును, నిషేధము మృగ్యము. ఉపకరణము వేగవంతము, సుందరము, ఉచితము అను స్తుతి దానిని ఇదివఱకే కోరి వచ్చిన పాఠకురాలికి చేయు ఉపకారమేమియు లేదు.

ఒక్క యుదాహరణము తీసికొందము. ఆండ్రాయిడ్ ఫోనులో క్రొత్త కీబోర్డును అమర్చుకొనునపుడు తెరపై ఒక హెచ్చరిక నిలుచును. ఈ కీబోర్డు మీరు టైపు చేయు సమస్తమును, సంకేతపదములతో సహా సేకరింపగలదని దాని భావము. పాఠకురాలి వ్రేలు అచటనే ఆగును. మార్గదర్శినిలో సామాన్యముగ ఈ ఘట్టమున ఉండు వాక్యము ఎట్టిదనగా: 'సెట్టింగులు తెఱచి, కీబోర్డును ఎంచి, ఓకే నొక్కుడు.' విధి యున్నది; హేతువు లేదు. హెచ్చరిక యొకటి వచ్చునన్న మాటయే లేదు.

దానిని ఇట్లు మార్చి చూతము: 'ఇపుడు తెరపై ఒక హెచ్చరిక వచ్చును. బయటినుండి తెచ్చుకొన్న ఏ కీబోర్డుకైనను ఇది వచ్చును. ఏలయన మీరు కొట్టు ప్రతి అక్షరమును కీబోర్డు గుండనే పోవును. కనుక నమ్మదగిన కీబోర్డునే ఎంచుకొనవలెను. ఎఫ్-డ్రాయిడ్‌లో ఈ ఉపకరణము పుటను తెఱచినచో అది కోరు అనుమతుల పట్టిక కనబడును. ఇంటర్నెట్టు అనుమతి కోరుచున్నదేమో అందు చూడుడు. చూచి తృప్తి కలిగినచో ఓకే నొక్కుడు. లేనిచో వెనుకకు మరలుడు, నష్టమేమియు లేదు.' వాక్యములు పెరిగినవి. కాని మొదటి పాఠము ఆజ్ఞాపించినది, రెండవది బోధించినది. వెనుకకు మరలుట గూడ ఒక మార్గమే యని చెప్పినది గావున అందు భయమునకు తావు లేదు.

ప్రమాదము ఎచట కలదు?

ఇది శైలికి సంబంధించిన విచారణ మాత్రము కాదు. పి.ఎం. కిసాన్ పేరుతోను, వాహనముల చలానాల పేరుతోను వాట్సాప్ సందేశములలో ఏ.పి.కె. ఫైళ్ళు పంపి, నొక్కినవారి బ్యాంకు ఖాతాలను దోచుకొను ముఠాలను గూర్చి పోలీసువారు ఇటీవలి సంవత్సరములలో హెచ్చరించుచునే యున్నారు. ఎఫ్-డ్రాయిడ్‌ను తెచ్చుకొనుటకును తెఱవవలసినది ఏ.పి.కె. ఫైలే, అపుడును ఫోను అదే హెచ్చరికను చూపును. 'భయపడక అనుమతించుడు' అని మాత్రము నేర్పిన మార్గదర్శిని, ఱేపు దొంగ పంపిన ఫైలును సైతము భయపడక అనుమతించుట నేర్పినట్లే. గ్రంథకర్త ఉద్దేశము మంచిదే. ఫలము మాత్రము దొంగకు చేరును.

కావున ఇచట నిషేధవాక్యములు విధులకంటె ముఖ్యములు. సందేశములో వచ్చిన ఫైలును ఎవరు పంపినను తెఱవవలదు. చిరునామాను స్వయముగా టైపు చేసియే భాండారమునకు పోవలెను. అమర్చుట ముగిసిన వెంటనే ఇచ్చిన అనుమతిని మరల తీసివేయవలెను. ఈ మూడును లేని పుస్తకము ఎంత సులభశైలిలో నున్నను బాలబోధకము కానేరదు.

ఇచట ఒక పూర్వపక్షము లేకపోలేదు. వాడుకరులు పుస్తకము చదువరు, నేరుగా పనిలోనికి దిగుదురు, కనుక మార్గదర్శిని వీలైనంత కుఱుచగ నుండవలెనని కొందఱందురు. దీనికి వారు ఆధారముగ చూపునది జాన్ కెరోల్ మతము. ఐ.బి.ఎం. పరిశోధనాలయములో కంప్యూటరు నేర్చుకొనువారిని గమనించి, 1990 లో ప్రకటించిన గ్రంథమున ఆయన దీనిని ప్రతిపాదించెను. కాని కెరోల్ తగ్గింపుమన్నది పీఠికలను, పునరుక్తులను, అభ్యాసమునకు పనికిరాని వర్ణనలను. పొరపాటును గుర్తించుటకును దానినుండి బయటపడుటకును పుస్తకము తోడ్పడవలెనని ఆయనయే విధించెను. ఆ సిద్ధాంతమునందు సగము గ్రహించి సగము విడుచుట న్యాయము కాదు. తగ్గింపవలసినది అర్థవాదము, హేతువు కాదు.

పరిభాష

పదముల విషయమున రెండు పక్షములు కలవు. దస్త్రము, అమరికలు, విహారిణి, దింపుకోలు, సంకేతపదము అని కూర్చినవారి శ్రమ గౌరవింపదగినది. ఫైలు, సెట్టింగులు, బ్రౌజరు, డౌన్‌లోడు, పాస్‌వర్డు అని వాడువారు జనవ్యవహారమును అనుసరించినవారు. నిఘంటువు కొఱకు ఈ వాదము ఎంతకాలమైనను సాగవచ్చును. మార్గదర్శినికి మాత్రము సూత్రమొక్కటే: తెరపై ఏ మాట యున్నదో పుస్తకమునను అదియే ఉండవలెను. తెరపై సెట్టింగులని యుండగా పుస్తకము అమరికలు తెఱవుమన్నచో, ఆ పాఠకురాలు లేని వస్తువును వెదకుచు కూర్చుండును. ఫోనును ఇంగ్లీషులోనే ఉంచుకొన్న తెలుగువారు పెక్కురు గనుక, పండ్లచక్రము గుర్తు వంటి బొమ్మను గూడ మాటతో వర్ణింపవలెను. కావ్యమున పర్యాయపదములు అలంకారములు. ఇచట అవి ప్రమాదహేతువులు.

పాఠాంతరములు

తాళపత్రములను పరిష్కరించు మనకు పాఠాంతరము చిరపరిచితము. మార్గదర్శినికి అది నిత్యసమస్య. 2017 కు పూర్వము, తెలియని మూలములనుండి ఉపకరణములను అనుమతించుటకు ఆండ్రాయిడ్‌లో అన్నిటికిని కలిపి ఒకే మీట యుండెడిది. ఆ యేడు వచ్చిన ఎనిమిదవ పాఠమునుండి, ఫైలును తెచ్చిన ఉపకరణమునకు వేఱువేఱుగా అనుమతి ఇయ్యవలసివచ్చెను. పాత పుస్తకమును పట్టుకొని క్రొత్త ఫోనులో వెదకినవారికి ఆ మీట కనబడదు. దోషము తమదేయని వారు తలంతురు. జిల్లా పేరు ఎంచుకొనుమని అడుగు ఉపకరణమునకు 2021 లో వ్రాసిన పుస్తకము అమృతలూరువారిని గుంటూరు అని ఎంచుమనును. 2022 ఏప్రిల్ 4 నుండి వారు బాపట్ల జిల్లావారు. కావున ప్రతి మార్గదర్శినియు ఏ పాఠమునకు, ఏ తేదీన వ్రాయబడినదో మొదటి పుటలోనే చెప్పవలెను. మార్చుటకు అనుమతియు ఇయ్యవలెను. పరిష్కర్తకు అవకాశము లేని పుస్తకము ఏండ్లు గడచుకొలది అసత్యమగుచు పోవును.

ఉపసంహారము

మార్గదర్శినీరచన సాంకేతికుల పనియనియు తెలుగు శాఖలకు అందు పని లేదనియు భావించుట తగదు. అధికారిని నిర్ణయించుట, వాక్యమును విధినిషేధములుగ విడదీయుట, పరిభాషను స్థిరపఱచుట, పాఠమును పరిష్కరించుట ఇవన్నియు మన శాస్త్రముననే యున్నవి. పరిశోధకవిద్యార్థి ఒకడు ఒక మార్గదర్శినిని తీసికొని, అమృతలూరు వంటి యూర ఒక పాఠకురాలి ప్రక్కన కూర్చుండి, తాను నోరు విప్పక, ఆమె వ్రేలు ఏ వాక్యము కడ ఆగుచున్నదో గుర్తించుకొన్నచో, అది యొక సిద్ధాంతవ్యాసమునకు చాలిన సామగ్రి. ఆ ఆగిన చోటులను దిద్ది తిరిగి మూలమునకు సమర్పించినచో, ఆ పరిశోధన గ్రంథాలయపు బీరువాలో నిలిచిపోక ఆమె చేతి ఫోనునకు చేరును.