తొమ్మిది రంగుల పట్టీ

తైవాన్‌లో బిడ్డ పుట్టగానే తల్లికిచ్చే ఆరోగ్య పుస్తకంలో ఒక రంగుల పట్టీ ఉంటుంది. పసిబిడ్డ మలం రంగులు తొమ్మిది, ఒక్కోదానికీ ఒక అంకె. 2004 నుంచి ఈ పద్ధతి అక్కడ దేశమంతటా అమల్లో ఉంది. అంతకు పదేళ్ల ముందే జపాన్‌లోని తొచిగి ప్రాంతంలో అకిరా మత్సుయి అనే పిల్లల వైద్యుడు ఇలాంటి కార్డుతో మొదలుపెట్టాడు. ఇంత చవకైన వైద్య సాధనంలో ఇంత ఆలోచన ఇమిడి ఉండటం నాకు మహా ఇష్టం.

తొమ్మిదింటిలో ఆరు రంగులు అనుమానించాల్సినవి, మామూలువి మూడే. ఈ పంపకంలోనే చేసినవాళ్ల పనితనం ఉంది. తెల్లటి మలం చూస్తే ఎవరైనా కంగారుపడతారు. మోసం చేసేది లేత పసుపు. పైత్యరస నాళాలు మూసుకుపోయే జబ్బులో, అంటే బిలియరీ అట్రీషియాలో, మలం ఒక్కరోజులో తెల్లబడదు. చాలామంది బిడ్డల్లో వారాల తరబడి రంగు దిగుతూ వస్తుంది. అందుకే ఎక్కువ గళ్లు ఆ సందేహపు రంగులకే ఇచ్చారు. గుంటూరు మిర్చి యార్డులో తాలు ఏరే ఆడవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు: పూర్తిగా తెల్లబడ్డ కాయ ఎవరికైనా దొరుకుతుంది, ఎరుపు కాస్త తగ్గిన కాయ దగ్గరే చూపుకు పరీక్ష.

ఈ పట్టీ చదవాల్సింది డాక్టరు కాదు. పురిటికి పుట్టింటికొచ్చిన కూతురి బిడ్డ పొత్తిగుడ్డలు ఉతికే అమ్మమ్మ. ఆవిడ చూడాల్సింది మరొకటీ ఉంది: పసిబిడ్డ మూత్రం నీళ్లలా ఉండాలి, గుడ్డకు పసుపు మరక అంటకూడదు. అంటితే అది మొదట కనబడేదీ ఆవిడకే.

పుట్టిన రెండు మూడు రోజులకు ఒళ్లు పచ్చబడటం మామూలే. నెలలు నిండి పుట్టిన బిడ్డల్లో చాలామందికి రెండు వారాల్లో తగ్గిపోతుంది. ఆ అనుభవంతోనే పెద్దవాళ్లు పొద్దుటి ఎండలో పడుకోబెట్టమంటారు, కొందరు పసరు మందుకు తీసుకెళ్తారు. ఈ జబ్బున్న బిడ్డ కూడా పాలు తాగుతూ ఆరోగ్యంగానే కనిపిస్తుంది. లోపల కాలేయం మాత్రం గట్టిపడుతూ ఉంటుంది. రెండు వారాలు దాటినా పచ్చదనం పోకపోతే రక్తపరీక్షలో మొత్తం బిలిరుబిన్ ఒక్కటే చూస్తే చాలదు, డైరెక్ట్ బిలిరుబిన్ ఎంతో విడిగా చూడాలి.

ఈ తొందరంతా ఒక ఆపరేషన్ కోసం. 1950లలో సెందాయ్‌లో మొరియో కసాయి అనే సర్జన్, పాడైన నాళాలను కాలేయం ముఖద్వారం దాకా తీసేసి, పేగును తెచ్చి నేరుగా అక్కడే కుట్టాడు. కుట్టడానికి అక్కడ కంటికి కనిపించే నాళమేదీ లేదు. సూక్ష్మమైన గొట్టాల నుంచి పైత్యరసం ఊరి పేగులోకి దిగుతుందని తేలింది. ఎంత సాహసం! బిడ్డ పుట్టిన అరవై రోజుల లోపు చేస్తే ఫలితం మెరుగు. ఆలస్యమైతే చాలామందికి కాలేయ మార్పిడే దారి. మన దేశంలో విజయవంతమైన మొదటి పిల్లల కాలేయ మార్పిడి, 1998లో ఢిల్లీ అపోలోలో, ఈ జబ్బున్న బిడ్డకే జరిగింది.

ఆస్పత్రిలో పురుడైన బిడ్డను చూడటానికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలన్నది మన పద్ధతి. ఆరూ ఆ అరవై రోజుల్లోపే. పల్నాటి పత్తి ఊళ్లలోనైనా, ప్రకాశం మెట్ట పల్లెల్లోనైనా తిరిగే ఆమె సంచిలో థర్మామీటరు, త్రాసు పక్కన ఈ పట్టీ కూడా ఉండాలని నా కోరిక. పద్నాలుగో రోజున బిడ్డ కళ్లు ఇంకా పచ్చగా ఉంటే, వాకిట్లో వెలుతురులో పొత్తిగుడ్డ పక్కన పట్టీ పెట్టి చూడొచ్చు. అనుమానం వస్తే గుంటూరు ప్రభుత్వాస్పత్రికి పంపి పరీక్షలన్నీ చేయించడానికి అప్పటికింకా ఆరు వారాల పైనే గడువుంటుంది.