బాణం ఒకవైపే ఎందుకు? అనంతపురం వేరుశనగ, వ్యవసాయ విస్తరణపై ఒక విమర్శ

విస్తరణ విద్య జవాబు పత్రాలు దిద్దిన ఇన్నేళ్లలో నాకు ఎక్కువసార్లు ఎదురైన వాక్యం ఒకటుంది. నిరక్షరాస్యత వల్ల, పాత పద్ధతుల మీద మమకారం వల్ల రైతులు కొత్త వంగడాలను స్వీకరించడం లేదన్నది ఆ వాక్యం. రాసినవారిలో చాలామంది రైతుబిడ్డలే. తమ తండ్రి గురించే రాస్తున్నామని వారికి తోచలేదు, పుస్తకంలో ఉన్నది రాశారు. కాబట్టి తప్పును పుస్తకంలోనే వెతుకుదాం.

1962లో ఎవరెట్ రోజర్స్ కొత్త పద్ధతిని ముందుగా చేపట్టేవారి నుంచి అందరికన్నా వెనుకబడేవారి వరకు జనాన్ని వర్గాలుగా విభజించాడు. మన పాఠ్యపుస్తకాలు దానికి ఒక పటం జోడించాయి. పైన పరిశోధన కేంద్రం, మధ్యలో విస్తరణాధికారి, అడుగున రైతు. బాణాలన్నీ కిందికే. ఈ పటాన్ని అనంతపురం జిల్లాలో పెట్టి చూడండి.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, పలుచటి ఎర్ర నేలలు, లక్షల ఎకరాల్లో వర్షాధారపు వేరుశనగ. అక్కడ దశాబ్దాలపాటు రాజ్యమేలిన వంగడం టి.ఎం.వి.-2. తమిళనాడులోని తిండివనంలో 1940లో విడుదలైంది. ఆ తర్వాత ఎన్నో కొత్త వంగడాలు విడుదలైనా జిల్లా దాన్ని వదల్లేదు. రోజర్స్ లెక్కన జిల్లా మొత్తం వెనుకబడిన రైతులే కావాలి!

ఇంకో లెక్క చూడండి. కిలో జొన్న విత్తితే వంద కిలోలకు పైగా గింజ వస్తుంది. వేరుశనగ విత్తనం మాత్రం పంటకు ఎనిమిది, పది రెట్లే పెరుగుతుంది. కరువు ఏడాదిలో అదీ రాదు. పరిశోధన కేంద్రంలోని కొద్ది క్వింటాళ్లు జిల్లా అంతటికీ విత్తనం కావాలంటే ఏళ్లు పడుతుంది. మధ్యలో ఒక్క కరువు వస్తే మళ్లీ మొదటికే. కదిరి పరిశోధన కేంద్రం 2005లో విడుదల చేసిన కె-6 విషయంలో ఏం జరిగిందో గమనించండి. ప్రభుత్వం దాన్ని సబ్సిడీ విత్తనంగా పెద్దఎత్తున పంచింది. కొన్నేళ్లలోనే టి.ఎం.వి.-2ను అది పక్కకు నెట్టింది. రైతులు వాళ్లే, చదువూ అంతే. విత్తనం మండలానికి వచ్చింది, అంతే తేడా. రైతు మనసులో ఉందనుకున్న అడ్డంకి గోదాములో ఉంది.

దీని మూలం వ్యవస్థ నిర్మాణంలో ఉంది. 1964లో ఏర్పడిన మన వ్యవసాయ విశ్వవిద్యాలయానికి అమెరికా ల్యాండ్ గ్రాంట్ విశ్వవిద్యాలయాలు నమూనా. అక్కడ పరిశోధన, బోధన, విస్తరణ ఒకే గూటిలో ఉంటాయి. ఇక్కడ పరిశోధన విశ్వవిద్యాలయానికి వెళ్లింది, విస్తరణ ప్రధానంగా వ్యవసాయ శాఖలోనే మిగిలిపోయింది. తర్వాత వచ్చిన శిక్షణ-సందర్శన పద్ధతి, ఏరువాక కేంద్రాలు, ఆత్మ పథకం ఈ చీలికకు వేసిన అతుకులే. శిక్షణ-సందర్శన పద్ధతిలో పక్షం రోజులకోసారి, నిర్ణయించిన రోజున అధికారి ఊరికి రావాలి. కాలువ కింద వరికి అది సరిపోతుందేమో. అనంతపురంలో పదును ఉండేది రెండు మూడు రోజులు. అధికారి వచ్చేసరికి గొర్రు ఇంటికి చేరి ఉంటుంది.

బాణం పైకి వెళ్లిన సందర్భాలూ ఉన్నాయి. 2000 ఖరీఫ్‌లో జిల్లాలో సుమారు 2,25,000 హెక్టార్లలో వేరుశనగకు కాండం కుళ్లు తెగులు సోకింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. కారణం టొబాకో స్ట్రీక్ వైరస్ అని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు తేల్చారు. వయ్యారిభామ పుప్పొడిలో ఉండే ఈ వైరస్‌ను తామర పురుగులు పైరుకు చేరుస్తాయి. పూతకు ముందే వయ్యారిభామను పీకేయడం, చేను చుట్టూ జొన్న సాళ్లు వేయడం దీనికి మందు. చవకైన సలహా. కానీ వయ్యారిభామ రైతు గట్టు మీదే కాదు, రోడ్ల పక్కన, బంజరులో కూడా పెరుగుతుంది. ఊరంతా కలిసి చేయాల్సిన పనిని ఒక్కో రైతుకు విడిగా చెబితే ఏం లాభం? రైతులను వర్గాలుగా విడగొట్టే సిద్ధాంతంలో ఈ ప్రశ్నకు చోటే లేదు.

ఐ.సి.జి.వి. 91114 మరో ఉదాహరణ. ఇక్రిశాట్ రూపొందించిన ఈ తక్కువ కాలపు వంగడాన్ని 2000 తర్వాతి ఏళ్లలో రైతుల పొలాల్లోనే, స్థానిక స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో పరీక్షించారు. ఎంపికలో రైతులకూ మాట ఉంది. పరిశోధన కేంద్రంలో సాధారణంగా కాయల బరువు తూస్తారు. వాన తప్పిన ఏడాది కాయ దక్కకపోయినా కట్టె దక్కితే పశువులు నిలుస్తాయి. అందుకే రైతు కట్టెనూ చూస్తాడు. ఈ వంగడం కట్టెను మేపితే పాల దిగుబడి ఎలా ఉంటుందో శాస్త్రవేత్తలు తర్వాత పరీక్షించారు కూడా.

2020లో రైతు భరోసా కేంద్రాలు వచ్చాయి. ఇప్పుడు వాటినే రైతు సేవా కేంద్రాలంటున్నారు. విత్తనం, ఎరువు ఊరికే చేరడం మంచి మార్పు, కాదనను. అయితే అక్కడి సహాయకుని పని గంటల్లో ఎన్ని పంట నమోదుకు, విత్తన పంపిణీకి, నష్టాల జాబితాలకు పోతున్నాయో చూడండి. మీ దగ్గరి కేంద్రానికి ఒకరోజు ఉదయం వెళ్లండి. రైతులు అడిగిన ప్రశ్నలు రాసుకోండి. వాటిలో ఏవి పరిశోధన కేంద్రానికి చేరతాయో, ఏ రిజిస్టరులో నమోదవుతాయో సహాయకుణ్ని అడగండి. ఆ తర్వాతే ఈ పాఠం చివరి ప్రశ్నకు జవాబు రాయండి.