ప్రతిస్పందన వేరు, వేదన వేరు: జగదీశ్ చంద్ర బోసు గ్రంథ విమర్శ

మొక్కలకు ప్రాణమున్నదని కనుగొన్న శాస్త్రజ్ఞుడెవరని తరగతిలో అడిగితే, జగదీశ్ చంద్ర బోసు అని విద్యార్థులు తడుముకోకుండా చెబుతారు. ఈ సమాధానంలో బోసుపట్ల గౌరవమున్నది గాని సత్యం లేదు. మొక్కకు ప్రాణమున్నదని విత్తు నాటిన ప్రతి రైతుకూ తెలుసు. బోసు వేసిన ప్రశ్న ఇంతకంటె లోతైనది. 1902లో వెలువడిన ఆయన గ్రంథం 'రెస్పాన్స్ ఇన్ ది లివింగ్ అండ్ నాన్-లివింగ్' చదివితే ఆ ప్రశ్న ఏమిటో తెలుస్తుంది. సజీవ, నిర్జీవ పదార్థాలలో ప్రతిస్పందన అని ఆ పేరుకు అర్థం.

కండరాన్ని గిల్లితే అది ముడుచుకొంటుంది. అప్పుడు దానిలో స్వల్పమైన విద్యుత్ మార్పు కూడ కలుగుతుంది. గిల్లటం ఉద్దీపన, తరువాత జరిగేది ప్రతిస్పందన. కీటకాలను పట్టి తినే వీనస్ ఫ్లైట్రాప్ ఆకులో ఇట్టి విద్యుత్ మార్పును బర్డన్ శాండర్సన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1873లోనే కొలిచినాడు. కాని కదలిక లేని సాధారణ మొక్కలకు ఈ గుణం లేదని ఆయన అభిప్రాయం. 1901లో లండను రాయల్ సొసైటీ ఎదుట బోసు తన ప్రయోగ ఫలితాలను వివరించినప్పుడు ఆయనే అభ్యంతరం చెప్పినాడు.

ఆ అభ్యంతరానికి ఇచ్చిన సమాధానమే గ్రంథంలో మిక్కిలి బలమైన భాగం. బోసు ముల్లంగి, క్యారట్, కాలీఫ్లవర్ కాడ వంటి మామూలు వస్తువులనే తీసుకొన్నాడు. వాటిని మెలిపెట్టి కుదిపి, పుట్టిన విద్యుత్ మార్పును గాల్వనోమీటరుతో నమోదు చేసినాడు. ఉద్దీపన హెచ్చితే ప్రతిస్పందన హెచ్చింది. క్లోరోఫాం తగిలితే అది క్షీణించింది. వేడినీటిలో చంపిన మొక్కలో అది అసలే కనిపించలేదు. బతికిన మొక్కతో పాటు చచ్చిన మొక్కనూ పరీక్షించి పోల్చటం ప్రయోగ పద్ధతికి మంచి ఉదాహరణ. ఈ విషయంలో బోసుదే పైచేయి అని తరువాతి పరిశోధనలు రుజువు చేసినవి.

గ్రంథంలోని బలహీనత లోహాల దగ్గర మొదలవుతుంది. తగరపు తీగను కుదిపినా విద్యుత్ మార్పు కలిగింది. సోడియం కార్బొనేటు దానిని పెంచింది, ఆక్సాలిక్ ఆమ్లం అణచివేసింది. కండరం, మొక్క, లోహం గీచిన రేఖలు ఒకే తీరుగా ఉన్నవి గనుక మూడింటిలోనూ ఒకే ధర్మం పనిచేస్తున్నదని బోసు నిర్ణయించినాడు. పాలూ పొంగుతాయి, ఏరూ పొంగుతుంది. పొంగు ఒకటైనంత మాత్రాన కారణాలు ఒకటి కావు. తగరం విషయంలో మార్పు జరిగేది లోహమూ ద్రవమూ కలిసే ఉపరితలంలో. జీవకణంలోనైతే పొరగుండా అయాన్లు దాటుతవి. జంతువు నాడిలో సోడియం లోపలికి వచ్చి, తరువాత పొటాసియం వెలికి పోతుంది. మొక్క కణాలలో ముఖ్యంగా కాల్షియం, క్లోరైడు, పొటాసియం అయాన్లు ఈ పని నిర్వహిస్తవి. ప్రాణులలో ఏదో అతీతశక్తి ఉన్నదన్న వాదాన్ని తోసివేసి, వాటిని భౌతిక నియమాల పరిధిలోకి తేవాలన్న బోసు ఆశయం మాత్రం సరియైనదే.

1926లో వెలువడిన మరొక గ్రంథంలో బోసు మొక్కలకు నాడీయంత్రాంగమే ఉన్నదని వాదించినాడు. అత్తిపత్తిని తాకితే ఆకుకాడ మొదట ఉబ్బెత్తుగా ఉన్న భాగంలోని కొన్ని కణాలు పొటాసియం, క్లోరైడులతోపాటు నీటిని కోల్పోతవి. ఆకు వాలిపోతుంది. ఈ వార్త సెకనుకు కొద్ది సెంటీమీటర్ల వేగంతో సాగుతుంది. మానవ నాడులలో కొన్నిటి వేగం సెకనుకు 100 మీటర్ల వరకు ఉంటుంది. అత్తిపత్తి జాతి మొక్క కాండాన్ని కోసి, ముక్కలను నీటి గొట్టంతో కలిపినా వార్త దాటుతుందని రికా అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు 1916లో చూపినాడు. అంటే రసాయనం కూడ వార్తాహరి కాగలదు. ఆవ కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ మొక్క ఆకును పురుగు కొరికితే కాల్షియం తరంగం దూరపు ఆకులకు చేరుతుందని 2018లో ప్రకటితమైన పరిశోధన తెలిపింది. వార్త పంపటం నిజమే గాని, మొక్కలలో నాడీకణాలూ లేవు, మెదడూ లేదు.

కాబట్టి, మొక్కలు బాధపడతవని బోసు రుజువు చేసినాడని తరగతిలో చెప్పటం సరికాదు. గాల్వనోమీటరు చూపేది విద్యుత్ మార్పును, వేదనను కాదు. కొలిచినదానికీ ఊహించినదానికీ గల ఈ భేదం విద్యార్థికి తెలియకపోతే, పాఠం ముగిసినా విజ్ఞానం అలవడదు.

ఈ గ్రంథాన్ని విద్యార్థులకు పరిచయం చేయటానికి అత్తిపత్తి ఆకు ఒక్కటి చాలు. కొనలోని పత్రకాలకు అగ్గిపుల్ల సెగ తగిలిస్తే జంటలు వరుసగా ముడుచుకొంటవి. గడియారం, కొలబద్ద ఉంటే వార్త వేగాన్ని లెక్కకట్టవచ్చును. తరువాత విద్యార్థి 'ముడుచుకొన్నది' అని వ్రాస్తే అది పరిశీలన. 'నొచ్చుకొన్నది' అని వ్రాస్తే అది ఊహ. బోసు ప్రయోగాలను మొదటి మాటతో చదివినప్పుడే ఆయన ప్రతిభ పూర్తిగా బోధపడుతుంది.