మూడో గది బిల్లు

డీటీహెచ్ కంపెనీలను పోల్చమంటే ఎవరమైనా ముందు ప్యాకు ధర చూస్తాం. ఒక్క టీవీ ఉన్న ఇంటికి ఆ లెక్క చాలు. హాల్లో ఒకటి, అమ్మ గదిలో ఒకటి, మేడమీద పిల్లలకు ఒకటి ఉన్న ఇంటికి మాత్రం అది అక్కరకు రాదు. ఏ కంపెనీ ఎలాంటిదో రెండో బాక్సు పెట్టించిన నెలలో తెలుస్తుంది.

2019 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన కొత్త టారిఫ్ విధానం అమల్లోకి వచ్చాక ఈ సంగతి బాగా బయటపడింది. అప్పటినుంచి బిల్లు రెండు ముక్కలైంది. సిగ్నల్ అందించినందుకు నెట్‌వర్క్ రుసుము ఒకటి, దాన్నే ఎన్‌సీఎఫ్ అంటున్నారు. మనం ఎంచుకున్న పే చానెళ్ల ధర రెండోది. మొదటి 100 చానెళ్లకు ఎన్‌సీఎఫ్ 130 రూపాయలు దాటకూడదన్నారు. 18 శాతం జీఎస్టీతో 153 రూపాయల 40 పైసలు. మొదటి టీవీ దగ్గర కంపెనీల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేకపోయింది. రెండో టీవీ దగ్గర దారులు చీలాయి. ఆ ఏడాది డిష్ టీవీ, డీ2హెచ్ అదనపు టీవీకి పన్ను కాక 50 రూపాయలు అడిగాయి. ఎయిర్‌టెల్ 80 అడిగింది. ఇప్పుడు టాటా ప్లే అని పిలుస్తున్న అప్పటి టాటా స్కై, ప్రతి బాక్సునూ విడి కనెక్షన్‌గా లెక్కగట్టి పూర్తి 130 అడిగింది.

మూడు టీవీల ఇంట్లో, ఒక్క పే చానెల్ కూడా తీసుకోకముందే, పన్నుతో కలిపి డిష్ టీవీలో నెలకు 271 రూపాయల 40 పైసలు, ఎయిర్‌టెల్‌లో 342 రూపాయల 20 పైసలు, టాటా స్కైలో 460 రూపాయల 20 పైసలు. మొదటిదానికీ చివరిదానికీ ఏడాదికి తేడా 2,265 రూపాయల 60 పైసలు. అదే ఇల్లు, అదే ఆకాశం.

టాటా స్కై పద్ధతిని సమర్థించేవాళ్ల మాటా వినాలి. ఏ గదికి ఆ గది తనకు నచ్చిన చానెళ్లు పెట్టుకోవచ్చన్నది వాళ్ల వాదన. ఆ స్వేచ్ఛ విలువైనదే, నేనూ ఒప్పుకుంటాను. కానీ చానెళ్ల ధర ఎలాగూ విడిగా కడుతున్నాం కదా. ఇక ఎన్‌సీఎఫ్ అన్నది సిగ్నల్ అందించినందుకు. ఉపగ్రహం నుంచి వచ్చే సిగ్నల్ కింద ఒక బాక్సు ఉన్నా మూడున్నా ఒకే తీరుగా డాబా మీద పడుతుంది. అదనపు బాక్సు వల్ల కంపెనీకి ఒక కార్డు, దాని ఖాతా, ఎప్పుడైనా వచ్చే ఫిర్యాదు పెరుగుతాయి. అందుకు 50 రూపాయలు న్యాయం. 130 ఏ లెక్కన చూసినా అన్యాయం.

2020లో ట్రాయ్ కూడా ఇంచుమించు ఇదే దారికి వచ్చింది. అదనపు టీవీకి ఎన్‌సీఎఫ్ మొదటిదానిలో 40 శాతం మించకూడదంది. 130కి 52. మూడు టీవీలకు పన్నుతో 276 రూపాయల 12 పైసలు. 2024 జులైలో ఎన్‌సీఎఫ్ పరిమితిని ఎత్తేసి, ధర నిర్ణయాన్ని కంపెనీలకే వదిలేశారు. మూడు గదుల ఇళ్లవాళ్లకు అది మేలు చేసిందని నేను అనుకోను.

ఆ 40 శాతం నియమం ఉన్నప్పుడు కూడా బిల్లులో సగాన్నే పట్టుకుంది. స్టార్ మా, జీ తెలుగు, జెమిని 2019లో ఒక్కొక్కటి 19 రూపాయలు. విడివిడిగా మూడూ కలిపి పన్నుతో 67 రూపాయల 26 పైసలు. అదే సీరియల్‌ను అదే కుటుంబం పక్క గదిలో చూసినా ఆ డబ్బు మళ్లీ కట్టాలి. అంటే రెండో గది ఖర్చులో పన్నుతో 61 రూపాయలు ఎన్‌సీఎఫ్ అయితే, చానెళ్ల వాటా 67. రుసుము తగ్గించిన కంపెనీని మెచ్చుకుంటూనే, మొదటి గది ప్యాకునే మిగతా గదులకూ ఎక్కించే కంపెనీని నిలదీయాలి.

మూడు గదుల్లోనూ మూడు చానెళ్లూ పెడితే ఈ లెక్కన నెలకు 477 రూపాయల 90 పైసలు. అమ్మ గదిలో ఎస్వీబీసీ, వార్తలు చాలనుకుంటే అవి ఉచిత చానెళ్లే, ఎన్‌సీఎఫ్‌తో సరి. పిల్లల గదిలో 19 రూపాయల చానెల్ ఒక్కటే ఉంచితే మొత్తం 365 రూపాయల 80 పైసలకు దిగుతుంది. ప్రతి బాక్సుకూ వేరే జాబితా పెట్టుకోనిచ్చే కంపెనీలోనే ఈ 112 రూపాయలు మిగులుతాయి. రుసుములో ఓడిన టాటా స్కై పద్ధతి ఇక్కడ కొంత గెలుస్తుంది.

వీటన్నిటి పక్కన దూరదర్శన్ ఫ్రీ డిష్‌ను నిలబెడితే పోలిక మారిపోతుంది. 2004 డిసెంబరులో మొదలైన ఈ సేవకు నెలవారీ రుసుమే లేదు. గదులెన్నైనా బాక్సులు కొనడమే ఖర్చు. దూరదర్శన్ తెలుగు చానెళ్లు సప్తగిరి, యాదగిరి వస్తాయి. సాయంత్రం సీరియళ్ల పే చానెళ్లు రావు, చాలా ఇళ్లలో బేరం అక్కడే చెడుతుంది. హాల్లో టాటా ప్లే, లోపలి గదిలో ఫ్రీ డిష్ పెట్టుకుందామంటే రెండింటి ఉపగ్రహాలూ వేరు. డాబా మీద ఇంకో డిష్ బిగించాలి.

ఏ కంపెనీ ప్రకటనలోనూ కనిపించని ఖర్చు వైరింగుది. పాత కేబుల్ రోజుల్లో ఒకే తీగను స్ప్లిటరుతో చీల్చి నాలుగు గదులకు లాగేవాళ్లం. డీటీహెచ్‌లో అది కుదరదు. కావలసిన సిగ్నల్ కోసం ప్రతి బాక్సూ పైన డిష్‌కు బిగించిన సిగ్నల్ పట్టే పరికరానికి, అంటే ఎల్‌ఎన్‌బీకి, 13 లేదా 18 వోల్టులు పంపుతుంది. ఒకే తీగ మీద రెండు బాక్సులు చెరో మాట చెబితే ఏదో ఒకదానికి బొమ్మ సరిగ్గా రాదు. అందుకే రెండు టీవీలకు రెండు నోళ్ల ఎల్‌ఎన్‌బీ, మూడో టీవీ ఉంటే నాలుగు నోళ్లది, ప్రతి గదికీ విడి తీగ. మా ఇంట్లో మేడమీద బాక్సు పెట్టించినప్పుడు మొదట సింగిల్ ఎల్‌ఎన్‌బీకే స్ప్లిటరు తగిలించి వెళ్లారు. రెండు వారాలు సగం చానెళ్లు రాలేదు. తర్వాత వచ్చిన మనిషి ఎల్‌ఎన్‌బీ మార్చి, కొత్త తీగ లాగి, ఆ రెంటికీ నా దగ్గరే డబ్బు తీసుకున్నాడు. అదనపు బాక్సు ధర చెప్పేటప్పుడే ఎల్‌ఎన్‌బీ, తీగ, మనిషి కూలి కలిపి చెప్పే డీలరు దొరికితే, నెలకు పది రూపాయలు ఎక్కువైనా నేను ఆ కంపెనీకే వెళ్తాను.