నది దాటిన ఆడవాళ్ళెక్కడ?

యాత్రా సాహిత్యం అనగానే మనకు ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ గుర్తొస్తుంది. 1830–31లో మద్రాసు నుంచి కాశీకి సాగిన ప్రయాణమది. ఏ మజిలీలో ఏ సరుకు దొరుకుతుందో, ఏ నదిని ఎలా దాటాలో వివరంగా రాశాడాయన. కృష్ణ, గోదావరి, నర్మద దాటిన ఆ పరివారంలో ఇంటి ఆడవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు చూసిన నది ఎలా ఉందో మనకు తెలీదు.

ఇప్పటి చవక ప్రయాణాల రచనల్లోనూ ఈ ఖాళీ ఉంది. బస్సు చార్జీ, గది అద్దె లెక్కకొస్తాయి. చీకటి పడుతుందని వదులుకున్న ఊరు, గడియ సరిగ్గా పడే గదికి పెట్టిన అదనపు డబ్బు, మరుగుదొడ్డి లేదని తాగకుండా మానేసిన నీళ్ళు ఏ పద్దులోకీ రావు.

జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు, ఎక్కువమంది దళితులు, ఏటా సంక్రాంతికి పాతపంటల జాతర మొదలుపెడతారు. విత్తనాల ఎడ్లబండ్లతో దాదాపు నెలరోజులు ఊరూరా తిరుగుతారు. దాన్ని మనం వ్యవసాయ కార్యక్రమంగానే చూస్తాం. 2008లో మొదలైన సంఘం రేడియోలో వాళ్ళ గొంతులున్నాయి. వాటిని కూడా యాత్రా కథనాలుగా వినడం విమర్శకుల పని. కాగితం మీద రాసినవాళ్ళే యాత్రికులైతే, మన యాత్రా సాహిత్య చరిత్ర సగమే.