ముక్క లేని అన్నం

అన్నం పొయ్యి మీదే ఉడకాలన్నది నా పట్టుదల. కుక్కర్ అన్నం గురించి రాసినప్పుడు ఎన్ని ఉత్తరాలు వచ్చాయో ఈ కాలమ్ చదివేవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మాంసం విషయంలోనూ అంతే, బొక్క లేని మాంసానికి రుచి ఎక్కడినుంచి వస్తుందని అడుగుతూనే ఉన్నాను. అలాంటి నాకు ఈ వారం మా అక్క కూతురు డాలస్ నుంచి ఒక ఫొటో పంపింది. వెడల్పాటి గాజు పాత్ర నిండా ఖీమా అన్నం, ఒవెన్‌లోంచి అప్పుడే తీసింది. "చిన్నమ్మా, ఒక పౌండు ఖీమాతో ఆరుగురం తిన్నం, రేపటి టిఫిన్ డబ్బాలకు కూడా మిగిలింది" అని కింద రాసింది.

అన్నాన్ని ఒవెన్‌లో పెట్టుడేందే అని వెంటనే ఫోన్ చేశాను.

"ఆఫీసు నుంచి వచ్చి పొయ్యి దగ్గర నిలబడే ఓపిక ఉంటే కదా చిన్నమ్మా. లోపల పెట్టి తలుపేస్తే అరగంట దాని పని అది చేసుకుంటది. నేను పిల్లల హోంవర్కు చూసుకుంట" అంది.

పక్క సీట్లో పనిచేసే అమెరికన్ స్నేహితురాలు నేర్పిందట. అక్కడి ఇళ్లలో ఇది పనిరోజుల రాత్రి భోజనం. చవకలో దొరికే ఖీమా, బియ్యం, పైనుంచి ఒక డబ్బా పుట్టగొడుగుల సూప్. క్యాంప్‌బెల్ కంపెనీ ఆ సూప్‌ను 1934లో, ఆర్థికమాంద్యం రోజుల్లో తెచ్చింది. విడిగా సాస్ కాచే పని లేదు, మూత తీసి పోస్తే చాలు. కొద్ది మాంసంతో ఇంటిల్లిపాదికీ సరిపెట్టే వంటల్లో అది అలా స్థిరపడిపోయింది. మా పిల్ల సూప్ డబ్బా తీసేసి పెరుగు, టమాటా, పచ్చిమిర్చి, పుదీనా వేసింది. పొదుపు పద్ధతిని మాత్రం అలాగే ఉంచుకుంది.

ఆదివారం మా ఇంట్లో చేసి చూశాను. ఇందులో సగం వంట ఖీమా దగ్గరే ఉంది. మిషన్లో వేసిన ఖీమా ముద్దగా వచ్చి నీళ్లు ఎక్కువ వదులుతుంది. చింత మొద్దు మీద కత్తితో కొట్టిన ఖీమాకు పలుకు ఉంటుంది, అడిగి కొట్టించుకోండి. మాంసాన్ని కొట్టకముందే కడిగించాలి, కొట్టాక కడిగితే రుచి నీళ్లలో పోతుంది. ఉల్లిగడ్డ ఎర్రగా వేగాక అల్లం వెల్లుల్లి, పసుపు, ఖీమా వేస్తే కాసేపటికి దాని ఎరుపు పోయి బూడిద రంగు వస్తుంది. తన నీళ్లలో తనే బుడబుడమని ఉడుకుతుంది. నీళ్లు ఇగిరేకొద్దీ ఆ చప్పుడు చిటపటగా మారి, నూనె పక్కలకు తేలుతుంది. అప్పటిదాకా ఆగాలి. ముందే బియ్యం కలిపితే ఖీమాలో మిగిలిన తడి మన కొలతను తప్పించి అన్నాన్ని ముద్ద చేస్తుంది.

అరకిలో ఖీమా, నానబెట్టి సగం ఉడికించిన శనగపప్పు ఒక కప్పు, అరగంట నానిన బాస్మతి మూడు గ్లాసులు. ఏడుగురు కడుపునిండా తింటారు. గ్లాసు బియ్యానికి గ్లాసున్నర నీళ్లు, అవీ తెర్లుతున్నవి. చన్నీళ్లు పోస్తే పాత్ర వేడెక్కడానికే సగం సమయం పోతుంది, ఈలోగా అడుగు బియ్యం ఉబ్బి మెత్తబడుతుంది, పైది పలుకుగా మిగులుతుంది. పాత్రలో అన్నం రెండంగుళాల ఎత్తుకు మించకూడదు. పైన ఫాయిల్‌ను అంచుల చుట్టూ గట్టిగా నొక్కి, 180 డిగ్రీల వేడిలో అరగంట ఉంచాలి. తీశాక పది నిమిషాలు మూత ముట్టుకోవద్దు. ఒవెన్ లేనివాళ్లు మందపాటి గిన్నెకు బరువైన మూత పెట్టి, కింద పెనం వేసి సన్నని మంట మీద ఉంచినా పనవుతుంది.

నిజానికి ఇది మనకు కొత్త పనేం కాదు. దమ్ బిర్యానీ గిన్నె మూతకు పిండి అంటించేదీ, మూత మీద నిప్పులు పోసేదీ ఇందుకే. కింద వేడి, పైన వేడి, ఆవిరి బయటికి పోకూడదు. స్పెయిన్‌లోని వాలెన్సియాలో ‘అరోస్ అల్ ఫోర్న్’ అని ఒక వంటకం ఉంది. ముందురోజు వండినదాంట్లో మిగిలిన మాంసం, శనగలు, ఆ ఉడికిన నీళ్లు మట్టిపాత్రలో బియ్యానికి చేర్చి, మధ్యలో ఒక వెల్లుల్లి గడ్డను గడ్డపళాన పెట్టి కాలుస్తారు. ఇళ్లలో ఒవెన్లు లేని రోజుల్లో ఆ పాత్రను వీధిలోని రొట్టెల బట్టీకి మోసుకెళ్లి కాల్పించుకునేవారు. మన సికింద్రాబాద్‌లో క్రిస్మస్ ముందు కేకు పిండి కలుపుకుని బేకరీకి తీసుకెళ్లినట్టే. ఒవెన్ అన్నం మిగిలినవాటిని వృథా పోనివ్వని ఇళ్లలో పుట్టింది.

కిలో మటన్ రూ.800 దాటి చాలాకాలమైన ఈ ఊళ్లో పొదుపు అన్న ఒక్క మాట మీదే ఈ వంటను మెచ్చుకుని వ్యాసం ముగించవచ్చు. కానీ ఆదివారం వడ్డించేటప్పుడు నా చెయ్యి ఆగింది. గంటెతో గిన్నెలో వెతకబోయాను. వెతకడానికి అందులో ఏమీ లేదు.

మా చిన్నప్పుడు నాన్న ఆదివారం తెచ్చేది అరకిలో. తినేవాళ్లం ఎనిమిది మందిమి. అమ్మ అందులో ఆలుగడ్డ వేసేది, సొరకాయ వేసేది, ఒక్కోసారి దోసకాయ, చిగురు వచ్చిన రోజుల్లో చింతచిగురు. కూర పెరిగేది, ముక్కలు మాత్రం తెచ్చినన్నే. గంటె అమ్మ చేతిలో ఉండేది. తాతకు నల్లి బొక్క. ఆయన దాన్ని కంచం అంచుకు తట్టి, మూలుగు పీల్చి, చప్పరించేదాకా మిగతావాళ్లం చూసేవాళ్లం. నాన్నకు మెత్తటి ముక్కలు. అన్నకు కార్జం, కళ్లు బాగుంటాయని. నాకూ అక్కకూ చెరి రెండు ముక్కలు, ఓ ఆలుగడ్డ. చుట్టం వస్తే తగ్గేది మా రెండింట్లోంచే. అందరూ లేచాక అమ్మ కూర గిన్నెలోనే అన్నం వేసుకుని, గోడలకు పట్టిన మసాలాను అన్నంతో తుడిచి కలుపుకునేది. "రుచంతా గిన్నెకు పట్టినదాంట్లనే ఉంటది బిడ్డా" అనేది. మేం నమ్మాం.

అక్క పెద్దదైంది కనుక ముందు తనకే అర్థమైంది. ఒక ఆదివారం తన రెండు ముక్కల్లో ఒకటి తినకుండా పక్కన పెట్టి, అమ్మ అన్నం కలుపుకుంటుంటే తెచ్చి అందులో వేసింది. అమ్మ దాన్ని చూసి నవ్వింది. రెండు వేళ్లతో తీసి, చెయ్యి కడుక్కుంటున్న అన్నను పిలిచి నోట్లో పెట్టింది. అక్క ఏమీ అనలేదు. ఆ రాత్రి అన్నం తినలేదు.

ఇదంతా పాతకాలం ముచ్చట అనుకుందామంటే, ఈమధ్య ఒక పెళ్లిలో బిర్యానీ దగ్గర నిలబడి చూశాను. "భయ్యా, పీస్ వెయ్" అంటే వడ్డించే అబ్బాయి తెలిసినవాళ్లకు గరిట లోపలికి దించి తవ్వుతున్నాడు. తెలియనివాళ్లకు పైపై అన్నం. చిన్న పిల్లతో వచ్చిన ఒకావిడ ప్లేటులోకి చూసుకుని, ఏమీ అనకుండా పక్కకు జరిగింది. ఆ అబ్బాయిని తప్పుపట్టలేను. గిన్నెలో ముక్కలున్నప్పుడు ఎవరికి ఏది అన్న లెక్క గరిట పట్టినవాళ్ల చేతికే వస్తుంది.

ఖీమా అన్నంలో ఆ లెక్కకు చోటు లేదు. గంటె మూలన దించినా మధ్యలో దించినా వచ్చేది ఒకటే. ముందు తిన్నవాళ్లకూ చివర తిన్నవాళ్లకూ అంతే మాంసం. అమ్మ కావాలనుకున్నా తన వంతు తీసి ఇంకొకరికి పెట్టలేదు, పెట్టాలంటే అన్నమే పెట్టాలి. "నేను వడ్డించ చిన్నమ్మా. బల్ల మీద పెడ్త, ఎవరిది వాళ్లు వేసుకుంటరు, నేను వాళ్లతోపాటే కూర్చుంట" అని మా పిల్ల అంటే మొదట వినీ విననట్టు ఊరుకున్నాను. ఇప్పుడు దాని ముందు ఆ పొదుపు లెక్క నాకు చిన్నదిగా కనిపిస్తోంది.

వాళ్ల మామగారికి మాత్రం ఇది నచ్చలేదట. ఆర్నెల్లకని వెళ్లిన పెద్దాయన, ఓపిక పట్టి పట్టి, "అమ్మా, ఓ పక్కకు నాలుగు బొక్కలన్నా వెయ్యి" అని అడిగారట. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. నల్లి చప్పరించే సుఖం ఖీమాలో రాదు. మంచి ముక్క ఏరి ఒకరి కంచంలో వెయ్యడం మన ఇళ్లలో ప్రేమ చూపించే పద్ధతి, మా అమ్మకు తెలిసిన పద్ధతీ అదే. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ ఆ ప్రేమకయ్యే ఖర్చు ప్రతి ఆదివారం ఒకరి కంచంలోంచే పోయింది. అక్కకూ నాకూ అది మరపుకు రాలేదు.

పెద్దాయన కోరికకు నాకు తోచిన దారి ఒకటి చెప్పాను. కొట్టువాణ్ని అడిగితే బొక్కలు తక్కువ ధరకే ఇస్తాడు. వాటిని ఉప్పు, మిరియాలు, యాలకులు, ఉల్లిగడ్డ వేసి రెండు గంటలు కాచి వడకట్టి, బియ్యానికి నీళ్ల బదులు ఆ తెర్లే నీళ్లు పొయ్యాలి. బొక్క రుచి అన్నంలోకి దిగుతుంది, మెతుకు మెతుక్కూ వస్తుంది. బొక్క లేకపోతే రుచి లేదన్న నా మాట మీద నేను ఇప్పటికీ నిలబడతాను. అది ఒక్కరి కంచంలోనే ఉండాలని మాత్రం ఇకమీదట అనను. వడకట్టాక మిగిలిన నల్లి బొక్కలు పెద్దాయనకు పెట్టమన్నాను. అందులో ఎవరి వంతూ తగ్గదు.

ఒక్కటి మాత్రం సమంగా పంచలేం. చివరి ఐదు నిమిషాలు ఫాయిల్ తీసేస్తే పాత్ర అంచుల వెంట అన్నం ఎర్రగా, కరకరలాడేలా గట్టిపడుతుంది. నాలుగు మూలలే కదా, పిల్లలు దానికోసం కొట్టుకుంటారు. డాలస్‌లో దానికి ఒక కట్టు పెట్టుకున్నారు. ఆ రాత్రి పాత్ర తోమే వంతు ఎవరిదో అంచులు వాళ్లవి. మా పిల్ల మొగుడు వారంలో మూడు రోజులు అడగకుండానే తోముతున్నాడట.