రాయి విసిరిన రాకుమారి

షోకే! నిన్ను స్తుతిద్దామని కూర్చుంటే, నీ కథ తొలి పుటల్లో స్తుతించదగ్గది ఒక్కటీ కనబడదు. అందం ఉంది, అందులో నీ కష్టం లేదు. పట్టుబట్టలున్నాయి, అవి ఎవరు నేశారో నువ్వు అడగలేదు. పదమూడేళ్ల ప్రాయం ఉంది, అదీ నీది కాదు. నీ తండ్రి చూతత్సు హో రాజ్యానికి రాజయ్యాక అమరుల పట్టీలో నీ పేరూ రాశారు. కాలం నీ గడప దాటి లోపలికి రావడం మానుకుంది. ముప్పై ఏళ్లు గడిచినా నువ్వు పదమూడేళ్ల పిల్లవే.

బయట మాత్రం కాలం నడిచింది, నెత్తుటి అడుగులతో. నీ తండ్రి మొదట్లో అవినీతి అంటే గిట్టని నిప్పులాంటి మనిషి. ఆ నిప్పే రాజ్యాన్ని కాల్చింది. చిన్న దొంగతనానికీ మరణదండన, దాన్ని ప్రశ్నించినా మరణదండన. చివరికి గెక్కేయ్ అనే ప్రభువు సేనతో కోటలోకి వచ్చాడు. నీ తండ్రిని చంపాడు, నీ కళ్లముందే నీ తల్లిని చంపాడు. నిన్ను మాత్రం వదిలి, పట్టీలోంచి నీ పేరు కొట్టేసి, ఒక కుగ్రామంలోని అనాథాశ్రమానికి పంపాడు.

తండ్రి పాలన గురించి అడిగితే నీ నోట ఒకటే మాట: నాకు తెలియదు.

అబద్ధం కాదది. అందుకే నువ్వంటే అంత చిరాకు. అబద్ధమాడే రాకుమారిని పాఠకుడు ఇట్టే క్షమిస్తాడు. నిజం చెబుతూ చేతులు దులుపుకునేదాన్ని క్షమించడం కష్టం. ఆ ఊళ్లో గడ్డి మోశావు, మంచులో వణికావు, ముతకబట్ట ఒంటికి గుచ్చుకుంటే ఏడ్చావు. నీ కన్నీళ్లన్నీ నీకోసమే. నీ పక్కన పడుకున్న అనాథలు ఎవరి ఆజ్ఞ వల్ల అనాథలయ్యారో ఒక్క రాత్రి కూడా ఆలోచించలేదు.

ఆశ్రమాన్ని చూసుకునే గోబో నిన్ను ఎందుకు అంతగా హింసించిందో చెప్పుకోవాలి. నీ తండ్రి ఏలుబడిలో ఒక పసివాణ్ని చంపడానికి లాక్కుపోతుంటే, చూడలేక ఆమె కొడుకు రాజభటుల మీద రాయి విసిరాడు. అంతే, వాడి ప్రాణమూ తీశారు. నువ్వెవరో బయటపడ్డాక ఊరంతా విరుచుకుపడింది. బండ్లకు కట్టి నిన్ను చీల్చేయబోయారు. గెక్కేయ్ సైనికులు రాబట్టి బతికావు. బతికి కూడా నీ నోట అదే మాట.

తర్వాత క్యో రాజ్యం. అక్కడి రాణి షుషో పన్నెండేళ్లకే సింహాసనం ఎక్కిన పిల్ల, రూపంలో ఇప్పటికీ పిల్లే. కానీ ఏలడం తెలిసిన పిల్ల. నీ సంజాయిషీ ఆమె దగ్గర చెల్లలేదు, నిన్ను పనిమనిషిగా పెట్టింది. నువ్వు నగలు దొంగిలించి పారిపోయావు. కేయ్ రాజ్యానికి యోకో అనే నీ ఈడు పిల్ల కొత్తగా రాణి అయిందని విని కుళ్లుకున్నావు. దగ్గర చేరి ఆ సింహాసనం కాజేయాలనీ అనుకున్నావు. రచయిత్రి ఫుయుమి ఒనో నీ మీద రవ్వంత జాలి కూడా చూపించదు. అదే ఆమె నీకు చేసిన మేలు అంటాను.

అప్పుడు దొరికాడు రకుషున్. ఎలుక రూపంలో తిరిగే విద్యార్థి, సగం జంతువని లోకం చిన్నచూపు చూసినా చదువు వదలనివాడు. నీ దొంగతనం వల్ల అతనూ పట్టుబడ్డాడు, అయినా నిన్ను తిట్టలేదు. వెంట నడుస్తూ నెమ్మదిగా చెప్పాడు: జనం కష్టం మీద పట్టు కట్టినవాళ్లకు ఆ జనం గురించి తెలుసుకోవడం బాధ్యత, తెలియకపోవడమే నీ తప్పు. కత్తి చేయలేని పని, మంచు చేయలేని పని, అవమానం చేయలేని పని ఆ మెత్తటి మాట చేసింది. నాకు ఈ నవలలో అన్ని యుద్ధాల కన్నా ఆ నడకే గొప్పగా తోస్తుంది.

ఇక కేయ్ రాజ్యంలోని మెయికాకు నగరం, వా ప్రాంతపు రాజధాని. జనం మధ్య ఒక మనిషిని మేకులు దిగ్గొట్టి చంపబోతున్నారు. చుట్టూ వందల కళ్లు, ఒక్క నోరూ లేవదు. నీ తండ్రి రాజ్యమే మళ్లీ నీ ఎదుట నిలబడింది, షోకే! ఈసారి నీకు తెలుసు. వంగావు, రాయి తీశావు, విసిరావు.

గోబో కొడుకు విసిరిన రాయి అది! వాడు ఏ చట్టం కింద చచ్చిపోయాడో ఆ చట్టం చేసిన రాజు కూతురి చేతిలోంచి మళ్లీ లేచింది. ఆ క్షణాన నీకు కిరీటం లేదు, పేరు లేదు, వెనక సేన లేదు. రాకుమారివి నువ్వు అప్పుడే అయ్యావు, నా లెక్కలో.

ఆ తర్వాతి తిరుగుబాటు, కోటగోడ మీద కాపలా, మారువేషంలో వచ్చిన యోకోతో స్నేహం, వీటి గురించి పుస్తకమే చెబుతుంది. చివర యోకో ఇచ్చిన తొలి ఆజ్ఞ మాత్రం నీకోసమే అనిపిస్తుంది: ఎవరూ ఎవరి ముందూ సాగిలపడనక్కర్లేదు. తలలు నేలకు ఆన్చిన జనాన్ని చూస్తూ పెరిగినదానివి, ఆ తలలు పైకి లేచే కొలువులో చిన్న ఉద్యోగానికి కుదిరావు. 2001లో వచ్చిన కథల సంపుటిలో నీ ఉత్తరం ఒకటి గెక్కేయ్‌కు చేరుతుంది, క్షమాపణతో. నీ తల్లిదండ్రులను చంపినవాడికి!

పాఠకులారా, నవల పేరు 'కజె నో బన్రి, రెయిమేయ్ నో సొర'. 1994 నాటిది, పన్నెండు రాజ్యాల వరుసలో నాలుగోది, ఇంగ్లీషులో 'స్కైస్ ఆఫ్ డాన్'. షోకేను భరించలేక మధ్యలో మూసేయాలనిపిస్తుంది. మూయకండి, మెయికాకు దాకా రండి.